పిల్లలతో పరదేశ ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు అవతల, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న ఊళ్ల నుంచే వచ్చాయి: పర్లాకిమిడి, జయపురం, బరంపురం, రాయగడ, ధర్మాబాద్, సిరొంచ. విమానంలో పిల్లలు ఏడిస్తే ఏం చేయాలన్నది చాలామంది అడిగారు. కానీ ఈ ఊళ్ల వాళ్ల ప్రయాణాలు ఎక్కువగా ఆగిపోయేది విమానంలో కాదు, కాగితాల దగ్గర. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా లేదా మరాఠీ, పాస్‌పోర్టులో ఇంగ్లీషు. ఒకే పేరు మూడు లిపుల గుండా నడిచి వచ్చేసరికి మూడు రకాలవుతుంది. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దది. మీకు ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే అదొక్కటైనా పూర్తిగా చదవండి.

బాబుకు ఆరేళ్లు, పర్లాకిమిడి ఆస్పత్రిలోనే పుట్టాడు. పాపకు 14 నెలలు, కాన్పుకి పుట్టింటికి వెళ్లాను కాబట్టి శ్రీకాకుళంలో పుట్టింది. బాబు బర్త్ సర్టిఫికెట్‌లో వాళ్ల నాన్న పేరు ‘విజయ్’ బదులు ‘బిజయ్’ అని ఉంది. ఆయన ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ ‘వి’ తోనే ఉంది. పాస్‌పోర్టుకి ఇది అడ్డమా? ఇంటిపేరు ఎక్కడ రాయాలి?
— ఒక తల్లి, పర్లాకిమిడి

అడ్డమేనమ్మా. చిన్న అక్షరమే కదా అని వదలకండి. ఒడియాలో మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. విజయ్ బిజయ్ అవుతాడు, విశ్వనాథం బిశ్వనాథ్ అవుతాడు, వైష్ణవి బైష్ణబి అవుతుంది. గుమాస్తా తప్పు రాయలేదు, తన భాషలో పలికినట్టు రాశాడు. కానీ పాస్‌పోర్టు కౌంటరులో చూసేది ఇంగ్లీషు అక్షరాలనే. తండ్రి పాస్‌పోర్టులో ఒకలా, పిల్లాడి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే దరఖాస్తుకు అభ్యంతరం పెట్టి పక్కన ఉంచుతారు. అక్కడ ఎలాగో గట్టెక్కినా, రేపు తండ్రి మీద ఆధారపడిన వీసా అడిగినప్పుడు అదే అక్షరం మళ్లీ ఎదురవుతుంది.

సవరణ చేసేది పుట్టుకను నమోదు చేసిన రిజిస్ట్రారే. మీరు ఇప్పుడు కాపురం ఉంటున్న ఊరి ఆఫీసు కాదు. కాబట్టి బాబుది పర్లాకిమిడిలో, పాపది ఏమైనా ఉంటే శ్రీకాకుళంలో. సరిహద్దు ఊళ్లలో అందరూ తడబడేది ఇక్కడే. కాన్పుకు శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళతారు, మహారాష్ట్రవైపు వాళ్లు నిజామాబాదో మంచిర్యాలో వెళతారు. పుట్టుక ఆ రాష్ట్రంలోనే నమోదవుతుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 15వ సెక్షన్ కింద తప్పు సరిదిద్దమని అర్జీ పెట్టండి. తండ్రి ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు నకళ్లు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం జతచేయండి. నోటరీ అఫిడవిట్ ఒక్కటి చేతిలో పెట్టుకుని ‘ఇద్దరూ ఒకరే’ అని నడిపించేద్దామని చాలామంది చూస్తారు. దాన్ని ఒప్పుకునేవాళ్లు ఒకచోట ఉంటే ఒప్పుకోనివాళ్లు రెండుచోట్ల ఉంటారు. మూలంలో సరిచేయించుకోవడమే మంచిది.

పాప సర్టిఫికెట్‌లో పేరుందో లేదో కూడా చూడండి. ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్లేనాటికి బారసాల కాకపోతే పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల లోపు అయితే రుసుము లేకుండా పేరు చేర్చుతారు. ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. మీ పాపకు 14 నెలలు కాబట్టి ఖాళీగా ఉంటే రుసుము కట్టాల్సి రావచ్చు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టినతేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుందని 2025లో నిబంధన మార్చారు. అంటే పాప వయసు పిల్లలకు ఇంకో దారి లేదు.

ఇక ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టు ఫారంలో దానికి వేరే గడి ఉంటుంది. పొట్టి అక్షరాలు పెట్టకండి. ‘కె.’ అని కాకుండా పూర్తిగా రాయండి. ఒడిశాలో స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి బడిలో ‘రావు’నే ఇంటిపేరుగా రాసేశారు. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు రావు అనీ, పిల్లలకు అసలు ఇంటిపేరూ ఉంటే అది నేరమేమీ కాదు. కాకపోతే తల్లిదండ్రులెవరో చూపే బర్త్ సర్టిఫికెట్ ప్రయాణంలో ప్రతిసారీ దగ్గర ఉండాలి. ఇద్దరు పిల్లలకూ మాత్రం ఒకేలా పెట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం అన్నిటికంటే చెడ్డపని. అమెరికా వీసాలో అలాంటి వాళ్లకు ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదని అర్థం) అని అచ్చువేస్తారు. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వడం లేదు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే మినహాయింపు ఇచ్చారు.

కాగితాలు సరిపడ్డాక మిగతాది సులువే. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో పిల్లల పేరుతో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, తేదీ తీసుకోవాలి. 36 పేజీల పుస్తకానికి పిల్లలకు 1000 రూపాయలు, 8 ఏళ్ల లోపు వాళ్లకు కొత్త దరఖాస్తుపై 10 శాతం తగ్గింపు. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి (బిడ్డ పాస్‌పోర్టుకు మీ సమ్మతి తెలిపే పత్రం), మీ ఇద్దరి పాస్‌పోర్టుల అసళ్లు, నకళ్లు, చిరునామా రుజువు, బర్త్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. 4 ఏళ్ల లోపు పాపకు తెల్లని వెనకతో 4.5 × 3.5 సెంటీమీటర్ల ఫోటో మీరే పట్టుకెళ్లాలి. పెద్దపిల్లలకు అక్కడే తీస్తారు. పుట్టిన ఊరు అన్నచోట బిడ్డ నిజంగా పుట్టిన ఊరే రాయాలి, మీరు ఉంటున్న ఊరు కాదు. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకో, 18 నిండేవరకో, ఏది ముందైతే అంతవరకే. చాలా దేశాలు చేరేనాటికి ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి అయిదేళ్ల పుస్తకాన్ని నాలుగున్నరేళ్లదిగా లెక్కవేసుకోండి. పుస్తకం చేతికొచ్చాక, అందులో అచ్చయిన అక్షరాలు చూసుకున్నాకే టికెట్టు కొనండి. పేరు తప్పుపడిన టికెట్టు దిద్దించుకోవడం ఖర్చుతో కూడిన పని.

మా ఆయన దుబాయిలో పనిచేస్తున్నారు. నేనొక్కదాన్నే ఇద్దరు పిల్లలతో వెళ్లాలి. అక్కడే ఉండేలా వీసా చేయిస్తానంటున్నారు. ఏ కాగితాలు ఇక్కడే సిద్ధం చేసుకోవాలి?
— ఒక గృహిణి, జయపురం

పెళ్లి సర్టిఫికెట్, పిల్లలిద్దరి బర్త్ సర్టిఫికెట్లు. ఊరికే నకళ్లు కాదు, ముద్రలు పడినవి. ఒక్క ముద్రతోనే ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. కాబట్టి దారి పొడుగు: ముందు ఆ పత్రం ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, తరువాత మన విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం, చివరగా అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ. మొదటి మెట్టు దగ్గరే జాగ్రత్త అవసరం. ఒక బిడ్డ జయపురంలో, ఇంకో బిడ్డ విశాఖలో పుట్టి ఉంటే ఒక పత్రం భువనేశ్వర్‌కి, ఇంకోటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వెళ్లాలి. రెండూ కలిపి ఒక్కచోట ఇస్తే ఒకటి తిరిగొస్తుంది. ముద్రలు పడ్డాక పేరు సవరిస్తే మళ్లీ మొదటినుంచీ రావాలి. ముందు సవరణ, తరువాతే ముద్ర. లామినేషన్ మాత్రం చేయించకండి, దాని మీద ముద్ర పడదు.

మీరొక్కరే పిల్లలతో వెళుతున్నారు కాబట్టి మీ ఆయన సమ్మతి పత్రం ఒకటి దగ్గర ఉంచుకోండి. పిల్లల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ప్రయాణ తేదీలు, ఎవరితో వెళుతున్నారు, ఎక్కడ ఉంటారు, ఆయన ఫోను నంబరు, సంతకం, నోటరీ. దానికి ఆయన పాస్‌పోర్టు, అక్కడి వీసా నకళ్లు జతచేయండి. ప్రతిచోటా అడగరు. అడిగినచోట లేకపోతే అర్ధరాత్రి కౌంటరు ముందు పిల్లలతో నిలబడాల్సి వస్తుంది. తాతయ్య, అమ్మమ్మల వెంట పంపేవాళ్లయితే తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి. విడాకులైతే బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నదీ చెప్పే కోర్టు ఉత్తర్వు నకలు కావాలి.

మా బాబుకు ఇప్పుడు 20 నెలలు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొస్తాం. ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్టు చాలా? ఊయల తొట్టి ఇస్తారంటున్నారు, నిజమేనా? మా కాగితాల్లో బాబు పేరు తరువాత మా ఆయన పేరు, ఆ తరువాత ఇంటిపేరు ఉంది.
— ధర్మాబాద్

వెళ్లేటప్పుడు చాలు, వచ్చేటప్పుడు చాలదు. వయసు లెక్క ప్రయాణించే రోజున చూస్తారు. రెండేళ్లు నిండిన బిడ్డకు సొంత సీటు తప్పనిసరి. టికెట్టు కొనేటప్పుడే తిరుగు ప్రయాణానికి సీటున్న పిల్లల టికెట్టు అడగండి. పుట్టినతేదీ సరిగా ఇస్తే వాళ్లే కలుపుతారు. ఒడి టికెట్టు పరదేశ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో 10 శాతం దగ్గర ఉంటుంది. ఒక పెద్దవాళ్ల ఒడిలో ఒక్క బిడ్డకే అనుమతి.

తొట్టి మాట నిజమే కానీ మీ బాబుకు పనికిరాదనే అనుకోండి. అది ఎదురుగా గోడ ఉన్న వరుసల్లోనే తగులుతుంది, ఒక విమానంలో కొన్నే ఉంటాయి, బరువు హద్దు చాలా సంస్థల్లో 10–11 కిలోల దగ్గరే ఆగిపోతుంది. పొడుగు కూడా చూస్తారు. ఆరు నెలల బిడ్డకు అది వరం. 20 నెలల వాడు కాళ్లు ముడుచుకుని పడుకోలేడు. పైగా కుదుపు వచ్చి బెల్టు గుర్తు వెలిగినప్పుడల్లా నిద్రపోతున్న బిడ్డను తీసి ఒళ్లో పెట్టుకోవాలి. చేతిలో డబ్బు సర్దుబాటైతే వెళ్లేటప్పుడు కూడా వాడికొక సీటు కొనండి. 14–15 గంటల ప్రయాణంలో తల్లి నడుముకు అదే విశ్రాంతి. మన దేశపు విమాన సంస్థల్లో ఒకే బుకింగ్‌లో ఉన్న 12 ఏళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన సీటివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ఆదేశించింది. అందుకే కుటుంబమంతా ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే ఆ హక్కు పోతుంది.

పేరు విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు మధ్యలో వస్తుంది. పాస్‌పోర్టులో బిడ్డ పేరూ తండ్రి పేరూ కలిపి ఒక గడిలో, ఇంటిపేరు ఇంకో గడిలో పడి ఉంటే టికెట్టులోనూ అంతే ఉండాలి. ‘శ్రీనివాస్’ను మరాఠీ కాగితాలు ‘ష్రినివాస్’ అన్నట్టు ఒక హెచ్ అక్షరం కలిపి రాస్తాయి, ‘లక్ష్మి’కి కె-ఎస్-హెచ్ బదులు ఎక్స్ వేస్తాయి. అదొక్కటి సరిచూసుకోండి.

రెండు విమానాలకూ ఒకే టికెట్టు తీసుకోండి. అప్పుడు పెద్ద సామాను నేరుగా చివరి ఊరికి పోతుంది. అమెరికాలో మొదట దిగే విమానాశ్రయంలో మాత్రం మామూలుగా సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి. మధ్యలో మారడానికి పిల్లలతో 3 గంటలన్నా ఉంచుకోండి. డైపరు మార్చి, పాలు పట్టి, మళ్లీ సెక్యూరిటీ దాటేసరికి గంటన్నర ఎలా పోయిందో తెలియదు.

పిల్లలకి ఇంటి తిండి పట్టుకెళ్లాలి. ఏవి వద్దంటారు?
— బరంపురం

మీ ఊరి అప్పడాలకు ఏ ఇబ్బందీ లేదు. ఊరగాయలే చూసుకోవాలి. నూనె ఉంటుంది కాబట్టి చేతిసంచిలో పెడితే ద్రవం కింద లెక్కించి తీసేస్తారు. పెద్ద సామానులో, మూత టేపుతో చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి. ఎండుకొబ్బరి పెద్ద సామానులో కూడా వద్దు. నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే వస్తువుగా 2022లో నిషేధించారు. పవర్ బ్యాంకు దీనికి ఎదురు: పెద్ద సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు, గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు కూడా, గసగసాలు ఒక్క గింజ లేకుండా చూసుకోండి. యూఏఈలో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, జైలు దాకా పోయే వ్యవహారం. విడిగా పెట్టుకోకపోయినా ఇంట్లో దంచిన మసాలాపొడిలో ఉంటాయి. అత్తగారిని అడిగి తెలుసుకోండి. తెలియకపోతే ఆ పొడి వదిలేయండి.

అమెరికాకు పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్లు, బియ్యం వద్దు. బిడ్డకు మెత్తటి అన్నం కోసం రెండు కిలోలు కట్టిచ్చే అమ్మమ్మలున్నారు. ధాన్యాన్ని పాడుచేసే ఖప్రా పురుగు భయంతో మన బియ్యాన్ని వాళ్లు ప్రయాణికుల సామానులో రానివ్వరు. దగ్గరున్న తిండి ఏదైనా ఉందనే చెప్పండి. ఉందని చెబితే మహా అయితే తీసి పారేస్తారు, లేదని చెప్పి దొరికితే జరిమానా. విమానంలో ఇచ్చిన ఆపిల్ పండు సంచిలో వేసుకుని దిగడం కూడా ఇందులోకే వస్తుంది.

దారికి సరిపడా బిడ్డ పాలు, ఉగ్గు, మందులు 100 మిల్లీలీటర్ల హద్దులోకి రావు. కానీ విడిగా తీసి చూపించాలి. పాలపొడి ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకోండి. ఇంటి నుంచి ఇంటికి ఎన్ని పూటలవుతుందో లెక్కవేసి దానికి సగం కలపండి. డైపర్లు రెండు మూడు గంటలకు ఒకటి. బిడ్డకు రెండు జతలు, తల్లికి ఒక జత చేతిసంచిలో ఉండాలి. వాంతి పడేది ఎక్కువగా తల్లి మీదే.

చెవినొప్పితో ఏడుస్తారంటున్నారు. నిద్రమందు ఇవ్వొచ్చా? పెద్దబ్బాయికి సికిల్ సెల్ ఉంది, విమానం ఎక్కొచ్చా?
— రాయగడ

నిద్రమందు వద్దు. దగ్గుమందు, జలుబుమందు పోసి పడుకోబెట్టడం మనవైపు ఎక్కువే. కొందరు పిల్లలకు అది తిరగబడి నిద్ర బదులు అల్లరి పెరుగుతుంది. చిన్నపిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య విభాగం 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది.

చెవినొప్పి ఎక్కువగా దిగేటప్పుడు వస్తుంది. బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంటే గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకోవాలి. పిల్లల్లో అది ఇరుకు. మింగినప్పుడు తెరుచుకుంటుంది. కాబట్టి దిగడానికి అరగంట ముందే బిడ్డను నిద్రలేపి పాలు పట్టండి. అంతకుముందే కడుపు నింపేస్తే ఆ సమయానికి తాగదు, పాలు ఆ అరగంటకు దాచుకోవాలి. పెద్దపిల్లలకు మంచినీళ్లు గుక్క గుక్కగా ఇవ్వండి, నమలడానికి ఏదైనా ఇవ్వండి. చెవి కారుతున్నా, జలుబు బాగా పట్టి ఉన్నా ప్రయాణానికి ముందు డాక్టరు చెవిలో చూడాలి.

పారాసిటమాల్ తీసుకెళ్లండి. మోతాదు కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లు మించకుండా. తప్పు జరిగేది సీసాల దగ్గర. చుక్కల మందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్పు అయిదు మిల్లీలీటర్లలో 120 లేదా 250 ఉంటుంది. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములంటే చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు, 250 సిరప్పు మూడు మిల్లీలీటర్లు. డాక్టరు చేత సీసా మీదే రాయించుకోండి. చీటీలో మందు అసలు పేరు ఉండాలి, కంపెనీ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పాదరసం థర్మామీటరు చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు, డిజిటల్‌ది కొనండి.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బున్న పిల్లలు విమానం ఎక్కొచ్చు, డాక్టరు చూసి సరేనన్నాక. విమానంలోని గాలి దాదాపు 8,000 అడుగుల కొండమీద ఉన్నట్టు పలచగా ఉంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గడం, చలి, కదలకుండా కూర్చోవడం మూడూ ఈ జబ్బులో వచ్చే నొప్పిని రప్పిస్తాయి. నొప్పి వచ్చి తగ్గి 10 రోజులన్నా కానిదే ఎక్కించకండి. గంటగంటకూ నీళ్లు, స్వెట్టరు, మేజోళ్లు, రోజూ వేసే మందులు చేతిసంచిలో. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతో, ఏ మందులు వాడుతున్నాడో ఇంగ్లీషులో ఒక పేజీ రాయించుకోండి. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోసే (ట్రెయిట్) పిల్లలకు మామూలుగా ఇబ్బంది ఉండదు.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకుండా వదలలేను. రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి మలేరియా ఉన్న జిల్లాలు. దోమ కుట్టిన వారానికో నెలకో జ్వరం బయటపడుతుంది, అప్పటికి మీరు ఇంకో దేశంలో ఉంటారు. అక్కడి డాక్టరుకు మలేరియా తట్టకపోవచ్చు, ఫ్లూ అనుకుంటాడు. వెళ్లిన నెల రెండు నెలల్లో పిల్లలకు జ్వరం వస్తే ‘మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాం, రక్తం చూడండి’ అని మీరే మొదటి మాటగా చెప్పాలి. రోజులు గడవనివ్వకూడదు.

టీకాల కార్డు కూడా. మమతా దివస్ నాడు (ఒడిశాలో ఊళ్లలో టీకాలు వేసే రోజు) వేయించిన టీకాలు ఒడియా కార్డులో నెల మాత్రమే రాసి ఉంటే అక్కడి బడిలో చెల్లదు. రోజు, నెల, సంవత్సరం ఉండేలా ఇంగ్లీషులో రాయించి డాక్టరు ముద్ర వేయించండి. గవదబిళ్లలకు, ఆటలమ్మకు టీకాలు మన ప్రభుత్వ జాబితాలో లేవు, అమెరికా బడులు అడుగుతాయి. ఇక్కడే వేయించుకుంటే ఒక పని తగ్గుతుంది.

సిరొంచ నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి ఎప్పుడు బయలుదేరాలి? వానల్లో ప్రయాణం.
— సిరొంచ

ముందురోజు. విమానం వేళకు 3 గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. ఒడి టికెట్టు ఉన్న బిడ్డతో ఇంటి దగ్గరే చెక్-ఇన్ చాలా సంస్థల్లో కుదరదు, కౌంటరు దగ్గర వరుసలో నిలబడాల్సిందే. ప్రాణహిత, గోదావరి పొంగితే 2022 జులైలోలా దారులు మూసుకుంటాయి. వంతెన నిలిచినా దాని తరువాతి వాగు దాటనివ్వదు. కోస్తావైపు వాళ్లకు అక్టోబరు తుపాన్లు ఇలాగే, 2018 తిత్లీకి పలాస మీదుగా వెళ్లే రైళ్లు ఆగిపోయాయి. ముందురోజు రాత్రికే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుంటే పిల్లలు కూడా నిద్ర చాలి ఉంటారు.

బయలుదేరే ఉదయం బిడ్డ మొలతాడుకున్న వెండి బిళ్లలు, కాలి పట్టీలు తీసి డబ్బాలో పెట్టి సంచిలో వేయండి. అవి తలుపు దగ్గర కూతపెడతాయి. అప్పుడు వరుసలో నిలబడి, ఏడుస్తున్న బిడ్డ నడుముకు కట్టిన ముడి విప్పాల్సి వస్తుంది.